పటాలంపేట హాజరు

పటాలంపేటలో నాంచారమ్మ పాల క్యాను మూత చప్పుడు వినపడిందంటే తెల్లవారినట్టే. రెండు గేదెల పాలు. మొదటి లైను తూర్పు కొసన మొదలుపెట్టి, గుమ్మం గుమ్మానికీ ఆగి, గ్లాసుతో కొలిచి పోసి, మీద చిన్న కొసరు విదిలించి, మూడో లైను చివరికి వచ్చేసరికి క్యాను అడుగు కనపడుతుంది. పాలు పోయించుకోని ఇళ్ళ ముందు కూడా ఆగి ఓ పలకరింపు వదిలి పోతుంది. మధ్యలో అడ్డదార్లున్నా తొక్కదు. మూడో లైనులో ఉండే కరీమున్, ఆమె ఈడుదే, ఎన్నేళ్ళుగానో పోరుతోంది.

“మా ఇంటికి ముందొచ్చి పోరాదా వదినా, టీ పొద్దెక్కిపోతోంది.”

“నీ పేరు మూడో లైన్లో ఉంది. నీ టీ కోసం పటాలాన్ని తిరగేయమంటావా?”

ఆ మాట వేళాకోళమే అయినా అందులో నిజముంది. ఏ గుమ్మం తర్వాత ఏ గుమ్మం అనేది నాంచారమ్మ పెట్టుకున్న వరస కాదు. కుంఫిణీ వాళ్ళు పెట్టి పోయింది.

దర్శి దాటి తూర్పుకు వస్తే కనుచూపు మేర నల్లరేగడి. వాన పడితే ఆ మట్టి మనిషి కాలు పట్టుకుంటుంది. చెప్పు దానికి వదిలేసి కాలు తెచ్చుకోవాలి. ఆ నలుపు మధ్యలో ఒక్కచోట మాత్రం ఎర్రటి గరప మెరక, అట్టు తిరగేసినట్టు, తేలి ఉంటుంది. కుంఫిణీ దండు ఫిరంగులు లాక్కుంటూ ఈ దారిన పోతుంటే ముసురు పట్టి చక్రాలు ఇరుసుల దాకా దిగబడ్డాయనీ, ఎడ్లు మోకాళ్ళ మీద కూలబడ్డాయనీ, దొర తలెత్తి చూస్తే ఎదురుగా ఈ మెరక పొడిగా కనపడిందనీ పేటలో చెప్పుకుంటారు. వారం రోజుల మకాం అన్నారట. గుడారాలు వేశారు. ఆ తర్వాత గుడారాల చోట మట్టి గోడలు లేచాయి, మట్టి గోడల చోట ఇటుక లేచింది. మెరక నడినెత్తిన కవాతు మైదానం చదును చేసి, దిమ్మిస కొట్టి, గచ్చులాగా గట్టిపరిచారు.

మొదటి లైను, రెండో లైను సిపాయిలవి. మూడో లైను వాళ్ళ వెనక వచ్చిన జనానిది. సిపాయి ఒక్కడైతే వాడి వెనక నలుగురుండేవాళ్ళు: ఫిరంగి ఎడ్లు తోలేవాళ్ళు, గుడారాలు పాతేవాళ్ళు, గుర్రాలకు నాడాలు కొట్టేవాళ్ళు, తోలుతిత్తుల్లో నీళ్ళు మోసే బిస్తీలు, జ్వరం పడ్డవాళ్ళను మోసే డోలీ బోయీలు. ఒకడిది ఆర్కాటు, ఒకడిది శ్రీకాకుళం, ఒకడు మరాఠా దేశం నుంచి వచ్చాడు, ఒకడికి తన ఊరేదో చెప్పను కూడా రాదు. ఇంట్లో ఎవరి భాష వాళ్ళది. బావి దగ్గర మాత్రం తెలుగు.

ఒక ఏడు ఎండల్లో పటాలానికి హుకుం వచ్చింది. సిపాయిలు వరసలు కట్టి వెళ్ళిపోయారు. వయసు చెల్లినవాళ్ళు, మొగుళ్ళు పోయిన ఆడవాళ్ళు, మూడో లైను జనం మిగిలిపోయారు. ఏడాదికోసారి ఒక దొర గుర్రం మీద వచ్చి పింఛనుదార్లు బతికే ఉన్నారా అని చూసుకునేవాడు. మైదానంలో ఎవరి చోట వాళ్ళు నిలబడాలి. తంబూరు, అంటే దండు డోలు, మోగేది. ఇంటి పేరు పిలిచేవాళ్ళు. “హాజర్” అనాలి. కొన్నేళ్ళకు పింఛనుదార్లు పోయారు, దొర రావడం మానేశాడు. నిలబడడం మాత్రం ఆగలేదు. ఎందుకంటే అప్పటికి చుట్టూ నల్లరేగడిలో మిరప వేయడం మొదలైంది. పండిన కాయను ఆరబోయడానికి ఆ మైదానాన్ని మించిన కల్లం ఈ చుట్టుపక్కల లేదు. నల్లమట్టి మీద పోస్తే కింద నుంచి చెమ్మ ఊరి కాయ తెల్లబారుతుంది, తాలుకాయ అయిపోతుంది. ఎర్ర గరప మీద పోసిన కాయ గలగలలాడుతుంది.

అందుకని నిలబడ్డ చోటే కల్లమైంది, ఇంటికో పట్టీ చొప్పున. ఏటా రథసప్తమి తర్వాత వచ్చే ఆదివారం హాజరు. తన పట్టీలో నిలబడి బదులు చెప్పిన ఇంటికి ఆ ఏడు ఆ పట్టీ. బదులు రాకపోతే పక్కవాళ్ళు వాడుకోవచ్చు. వరసగా మూడేళ్ళు బదులు రాకపోతే ఆ ఇంటి పేరు దిగిపోతుంది, ఇక పిలవరు. పేరు మనిషిది కాదు, ఇంటిది. సుబేదారు వారింట్లో ఇప్పుడున్నది నర్సు ఫెబా; ఆ ఇల్లు వాళ్ళ తాత కొన్నది. అయినా పేటలో ఆమె సుబేదారు వారి ఫెబానే. ఎవరు ఆ ఇంట్లో పొయ్యి వెలిగిస్తే వాళ్ళే ఆ ఇల్లు. కాగితాల్లో మైదానం సర్కారు పోరంబోకు. హాజరు సంగతి ఏ కాగితంలోనూ లేదు.

పిలుపు తంబూరు వారింటి హక్కు. నాంచారమ్మ ఆ ఇంటి కోడలు.

ఆమె పుట్టింది దర్శి అవతల పల్లెలో. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఈ ఊరి తీరు ఆమెకు అర్థం కాలేదు. మామ బుల్లయ్య పిలిస్తే ఊరవతల పొగాకు కాల్చే బ్యార్నీల దాకా వినపడేది. కొడుకు మాత్రం నలుగురిలో నోరు విప్పని మనిషి. అన్నంలో ఉప్పు లేకపోయినా భార్యకు సైగతో చెప్పేవాడు. బుల్లయ్య రెండేళ్ళు కొడుకుతో కుస్తీ పట్టి, ఒక రోజు పాల క్యాను కోడలి చేతికిచ్చాడు.

“అమ్మాయ్, నేను చెప్పిన వరసలో పాలు పోసి రా. ఎవరింటి ముందైనా వరస తప్పావా, మళ్ళీ మొదటికి రావాల.”

“పాలు పోయడానికి వరసేంది మామా?”

“పోసి రా, తెలుసుద్ది.”

ఆరు నెలలు తిరిగేసరికి ఊరు ఆమె కాళ్ళకు వచ్చేసింది. ఒక ఆదివారం మామ మైదానంలో ఆమెను ముందుకు తోసి, “పాలు పొయ్” అన్నాడు. క్యాను లేదు, గ్లాసు లేదు. ఆమె కళ్ళు మూసుకుని మనసులోనే నడక మొదలుపెట్టింది, నోరు దాని వెంట వెళ్ళింది. ఆడమనిషి హాజరు పిలవడమేమిటని రెండో లైనులో ఎవరో గొణిగారు. బుల్లయ్య అటు తిరిగి, “రోజూ పొద్దున నిన్ను లేపేది ఎవర్రా? ఆడమనిషి లేపితే లేవను అని పడుకుంటున్నావా?” అన్నాడు. అంతే. తంబూరు తోలు ఎప్పుడో చిరిగిపోయింది. దాన్ని మళ్ళీ కట్టించిన వాళ్ళు లేరు. నాంచారమ్మ క్యాను బోర్లించి కర్రతో కొట్టేది. ఇప్పుడు పేటలో తంబూరు అంటే పాల క్యానే.

మామ పోయాడు, మొగుడూ పోయాడు. నాంచారమ్మ పాలు పోస్తూ, ఎండాకాలం కల్లాల్లో మిరప తొడిమలు తీస్తూ, ఏటా ఆదివారం పిలుస్తూ వచ్చింది. తొడిమలు తీసేటప్పుడు లేచే దుమ్ము ముప్పై ఏళ్ళు గొంతులోకి పోయింది. పోయిన వర్షాకాలం గొంతు జీరపోయి మళ్ళీ తేరుకోలేదు. ఒంగోలు డాక్టరు లైటు వేసి చూసి, “అరవడం మానెయ్యాలమ్మా. బుజ్జగింపుగా మాట్లాడుకోండి” అన్నాడు.

“గేదెతోనా?” అంది నాంచారమ్మ.

మైకు పెట్టుకోమన్నారు కొందరు. ఆ ముచ్చటా తీరింది ఒక ఏడు. కుర్రాళ్ళు సౌండ్ బాక్సులు తెచ్చి పెడితే పిలుపు పొలాల దాకా వినపడింది. దాంతో సగం జనం ఇంటి అరుగుల మీద కూర్చుని, కాఫీ తాగుతూ అక్కణ్ణుంచే “హాజర్” అన్నారు. మళ్ళీ మైకు మాట ఎవరూ ఎత్తలేదు.

కాబట్టి ఈ ఏడు ఆమె గొంతు దాచుకుంది. ఏటా హాజరు ముందు పాలు పోస్తూ పేర్లు పైకి వల్లించుకునేది; ఈసారి నెల రోజులుగా అనలేదు. కాళ్ళతోనే చెప్పుకుంది.

ఆ నెలలోనే రాజేశ్వరి ఆమెను వెతుక్కుంటూ వచ్చింది.

రాజేశ్వరి నాలుగు నెలల కిందట డోలీ వారింట్లో అద్దెకు దిగిన మనిషి. డోలీ వారు గుంటూరు వెళ్ళిపోయి ఇంటికి తాళం పడి చాలా రోజులైంది. వరసగా రెండు హాజర్లకు బదులు రాలేదు. రాజేశ్వరి మొగుడు శివరామకృష్ణ చీమకుర్తిలో గ్రానైట్ లారీ తోలుతాడు, వారానికోసారి వస్తాడు. కూతురు శిల్ప ఇంటర్ చదువుతోంది. రాజేశ్వరి ఎకరంన్నర మిరప కౌలుకు చేస్తోంది. తెల్లవారకముందే కూలీలతో పాటు చేలోకి పోతుంది, శిల్ప తొలి బస్సుకు పోతుంది. కాబట్టి పాల వేళకు ఆ ఇంటికి ఇప్పటికీ తాళమే.

సాయంత్రం ఆమె నాంచారమ్మ అరుగు మీద కూర్చుని, కోత కారం మండుతున్న చేతులు కొంగులో చుట్టుకుంది.

“మొదటి కోత ముందుగదిలో పోశాను పిన్నిగారూ. చెయ్యి పెడితే కుప్ప లోపల వేడిగా ఉంది. ఇంకో నాలుగు రోజులు అట్టాగే ఉంటే బూజు పట్టుద్ది. చేలో పట్టా పరిచి పోస్తే కింద చెమ్మ. రోడ్డు మీద పోద్దామంటే లారీలు. మా ఆయన తోలే లారీయే మా కాయల మీద ఎక్కుద్దేమో.”

“ఆదివారం దాకా ఓర్చుకో.”

“మైదానంలో పోసుకోవచ్చంటగా?”

“పోసుకోవచ్చు కాదు, నిలబడాల. డోలీ వారి పట్టీ మూడో లైనులో, ఫిరంగి ఎడ్ల వారి పక్కన. అక్కడ నిలబడి, నేను పిలిచినప్పుడు ‘హాజర్’ అను. పక్కకు జరగొద్దు, ముందుకు రావొద్దు, వేరే మాట అనొద్దు.”

“ఉన్నానండీ అంటే చాలదా?”

“ఉన్నానండీ అంటే ఎవరింటికి చుట్టమొచ్చావు అంటారు.”

రాజేశ్వరి నవ్వింది. నవ్వి, లేచేముందు మళ్ళీ అడిగింది. “నిజంగా పిలుస్తారా పిన్నిగారూ? పక్క పట్టీ ప్రసాదన్న ఒప్పుకోడంటున్నారు.”

“పిలిచేది ప్రసాదు కాదమ్మా, నేను.”

ఫిరంగి ఎడ్ల వారి దుర్గాప్రసాద్ డోలీ వారి పట్టీని రెండేళ్ళుగా తన కాయలకు వాడుకుంటున్నాడు. మూడో ఏడూ బదులు రాకపోతే ఆ పట్టీ ఇక అతనిదే. మర్నాడు పాలు పోస్తుంటే గిన్నె పట్టుకుని అతనే బయటికి వచ్చాడు.

“అత్తా, ఈసారి డోలీ వారిని పిలవడం ఎందుకు? గొంతు దండగ. తాళం పడ్డ ఇల్లు.”

“తాళం ఎక్కడుందిరా? ఆ పిల్ల దిగింది గదా.”

“అద్దెకు దిగింది. అద్దెకున్నోళ్ళు హాజరు చెప్తే, రేపు బస్టాండులో టీ తాగను దిగినోడు కూడా చెప్తాడు.”

“ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతోందా లేదా?”

“అది గ్యాసు.”

“మరి మీ ఇంట్లో అన్నం ఎండకు ఉడుకుతోందా?”

లోపల్నుంచి అతని భార్య లక్ష్మీదుర్గ నవ్వు వినపడింది. దుర్గాప్రసాద్ గొంతు తగ్గించాడు.

“ఒక్క పంటకొచ్చిన మనిషి అత్తా. కౌలు అయిపోతే మూట సర్దుద్ది. నేను ఈ ఏడు రెండెకరాలు ఎక్కువేశాను. ఆ పట్టీ ఉందని నమ్ముకునే వేశాను. నా కాయ ఎక్కడ పోసుకోను?”

“మీ తాతల తాత ఫిరంగి ఎడ్లు తోలుకుంటూ ఎన్ని పంటలకని వచ్చాడ్రా? వారం మకాం అని తీసుకొచ్చారంట. ఆ వారం ఇంకా అవలా.”

అంది కానీ, అతని మాటలో రెండోది ఆమె మనసులో ఉండిపోయింది. కాయకు చోటు లేకపోతే ఎవరికైనా కష్టమే. అతనికైనా, ఆ పిల్లకైనా. అయితే అతనికి ఒక పట్టీ అంటూ ఉంది. ఆమెకు ముందుగది తప్ప ఇంకేం లేదు.

ఆదివారం పొద్దున ప్రార్థన గంట కొట్టకముందే మైదానం నిండింది. ఎండ ఇంకా ఏటవాలుగా ఉంది. చలికి శాలువాలు కప్పుకున్నవాళ్ళు, పళ్ళు తోముతూనే వచ్చినవాళ్ళు, తమ పట్టీలో సరిగ్గా ఎక్కడ నిలబడాలో పక్కవాళ్ళతో జగడమాడేవాళ్ళు. గుర్రాలకు నాడాలు కొట్టినవాళ్ళ ఇంటి చలమయ్య, పేటకంతా పెద్దవాడు, ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని తన చోట వేసుకున్నాడు. కూర్చుని హాజరు చెప్పొచ్చా అని ఎవరో అడిగితే, “గుర్రమెక్కి చెప్పేవాళ్ళంట మా తాతలు. కుర్చీకేమొచ్చె?” అన్నాడు.

రాజేశ్వరి తనకు చెప్పిన చోట, చెప్పినట్టే నిలబడింది. పక్కన శిల్ప. కాళ్ళ పక్కనే గరప మీద పోయినేటి కాయల ఎర్రని మరక ఇంకా ఉంది, అది దుర్గాప్రసాద్ కాయలది. ఆమె దాని మీద కాలు పెట్టకుండా జాగ్రత్తగా నిలబడింది.

నాంచారమ్మ క్యాను బోర్లించి కొట్టింది. మూడు దెబ్బలు. కళ్ళు మూసుకుంది.

“సుబేదారు వారు.”

“హాజర్,” అంది ఫెబా.

గొంతు జీరగా ఉన్నా అందుతోంది. మొదటి లైను గడిచింది. రెండో లైను గడిచింది. ఆమె పొదుపుగా పిలుస్తోంది, తెల్లవార్లూ వెలగాల్సిన నూనె దీపం వత్తి తగ్గించినట్టు. కాళ్ళు మనసులో గుమ్మాలు తొక్కుతున్నాయి, నోరు ఆ వెనకే వెళుతోంది. మూడో లైను. నాడాల వారు. గుడారాల వారు. ఇంకా కొన్ని ఇళ్ళు.

“ఫిరంగి ఎడ్ల వారు.”

“హాజర్,” అన్నాడు దుర్గాప్రసాద్.

“బిస్తీ వారు.”

బదులు రాలేదు. బిస్తీ వారంటే కరీమున్. నాంచారమ్మ కళ్ళు తెరిచింది. కరీమున్ తన పట్టీలోనే ఉంది, నడుం మీద చెయ్యి పెట్టుకుని చూస్తోంది.

“నా ముందు ఒకరున్నారు వదినా,” అంది.

నాంచారమ్మకు కాసేపు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది, అరికాళ్ళ నుంచి. ఇన్నాళ్ళుగా తాళం పడ్డ గుమ్మం ముందు ఆగడం కాళ్ళు మరిచిపోయాయి. ప్రసాదు గుమ్మం నుంచి తిన్నగా కరీమున్ గుమ్మానికి. నెల రోజులుగా ఆ కాళ్ళనే నమ్ముకుని నోరు మూసుకుంది. పోయినేడు నోరు గుర్తుపెట్టుకుని పిలిచింది. ఈ ఏడు నోటికి ఆ పని ఇవ్వలేదు.

రాజేశ్వరికి మాత్రం ఏమీ తెలియలేదు. తన వంతు ఇంకా రాలేదనే అనుకుంటోంది. బదులు చెప్పడానికి పెదాలు కాస్త తెరుచుకుని అలాగే ఉన్నాయి.

“పిలవలేదంటే దిగిపోయినట్టే గదా,” అన్నాడు దుర్గాప్రసాద్, ఎటో చూస్తూ.

“పిలవకపోతే ఎట్టా దిగుద్దిరా?” అంది కరీమున్. “పిలిచినా పలక్కపోతే దిగుద్ది. మనిషి అక్కడ ఉప్పుబస్తాలాగా నిలబడి ఉంటే.”

నలుగురూ నాలుగు మాటలన్నారు. ఇప్పుడు పిలవచ్చని ఒకరు. వరస దాటాక వెనక్కి పోకూడదని ఒకరు. గొడవ పెద్దదవుతుంటే చలమయ్య కుర్చీలోంచి చెయ్యెత్తాడు.

“తుపాను ఏడు బుల్లయ్య కూడా తప్పాడు. రెండో లైనులో. వరస తప్పితే తంబూరు మొదటి నుంచి. బుల్లయ్య మళ్ళీ మొదటి నుంచి పిలిచాడు. మా అమ్మ తిట్టుకుంటూ మళ్ళీ వచ్చి నిలబడింది.”

“అత్తకు గొంతు ఎక్కడిది, మొదటి నుంచి పిలవను?” అన్నాడు దుర్గాప్రసాద్. ఆ మాట ఎగతాళికి అనలేదు. అయినా నాంచారమ్మకు తగిలింది.

“మొదటి నుంచే,” అంది.

మళ్ళీ మూడు దెబ్బలు. సుబేదారు వారు. ఫెబా చర్చి టైమవుతోందని వాచీ చూసుకుంటూనే “హాజర్” అంది. మొదటి లైను సగంలో గొంతు బరకెక్కింది. చివరికి వచ్చేసరికి పేరులో సగమే వినపడుతోంది. జనం మిగతా సగం ఊహించుకుని బదులు చెబుతున్నారు. రెండో లైను ఎట్లా దాటిందో ఆమెకే తెలియదు. మూడో లైను మొదట్లో, “నాడాల వారు” అనబోతే నోట్లోంచి గాలి వచ్చింది. ఇంకోసారి ప్రయత్నించింది. గాలే.

 ఫెబా మంచినీళ్ళ సీసా తెచ్చి ఇచ్చింది. నాంచారమ్మ తాగింది, నోరు తెరిచింది, తల అడ్డంగా ఊపింది. బుల్లయ్య చేతికిచ్చిన పని తన నోట్లోనే ఆగిపోయింది అనుకుంది. రాజేశ్వరి వైపు చూడలేకపోయింది.

“హాజర్,” అన్నాడు చలమయ్య. ఆయన్ని ఎవరూ పిలవలేదు. ఆయన కుర్చీలోంచి లేచి, పక్క పట్టీ వైపు తిరిగి, దగ్గి గొంతు సవరించుకున్నాడు.

“గుడారాల వారు.”

గుడారాల వారి మనిషి బిత్తరపోయి, అలవాటుగా “హాజర్” అన్నాడు.

“మరి చూస్తావేందిరా? నీ తర్వాత ఎవరో నీకు తెలవదా?”

తెలుసు. ఎవరి తర్వాత తన వంతు వస్తుందో, తన తర్వాత ఎవరి వంతో పేటలో ప్రతి ఇంటికీ తెలుసు. మొత్తం వరస తంబూరు వారికే తెలుసు; తన పక్క పేరు మాత్రం ఎవరూ మరిచిపోరు. అతను పక్కకు తిరిగి పిలిచాడు. ఆ పక్కవాళ్ళు బదులు చెప్పి ఆ పక్కకు తిరిగారు. పిలుపు మూడో లైను పొడుగునా నిప్పు అంటుకున్నట్టు పాకింది. గోడ తగాదాతో ఏళ్ళుగా మాటల్లేని ఇద్దరు పక్కపక్కనే ఉన్నారు. ఒకడు ఆకాశం వైపు చూసి రెండోవాడి ఇంటి పేరు పిలిచాడు. రెండోవాడు నేల చూసి “హాజర్” అన్నాడు. జనం గొల్లున నవ్వారు.

పిలుపు దుర్గాప్రసాద్ దగ్గరికి వచ్చింది.

“హాజర్,” అన్నాడు.

ఆ తర్వాత ఆగిపోయాడు. పక్క పట్టీలో గరప మీద తన కాయల మరక. మరక పక్కన ఆ మనిషి, ఆమె కూతురు. అతను పిలవకపోతే ఆమె పేరు మూడో ఏడూ గడిచిపోతుంది. నోరు మూసుకుంటే చాలు, ఎవర్నీ కాదనక్కర్లేదు.

లక్ష్మీదుర్గ అతని పక్కనే నిలబడి ఉంది. “పొయ్యి మీద పప్పు పెట్టొచ్చాను. మాడితే నువ్వే తింటావు,” అంది నెమ్మదిగా.

“ఒరే ప్రసాదూ,” అంది కరీమున్ అటుపక్క నుంచి. “నువ్వు పిలిస్తే గదా ఆ పిల్ల నన్ను పిలిచేది? నన్ను పిలిస్తే గదా అట్టా అట్టా చివరికి పోయేది? ఇన్నేళ్ళుగా అందర్నీ పిలిచిన మనిషికి ఈ ఏడు పట్టీ లేకుండా చేస్తావా?”

అతను లైను చివరి వైపు చూశాడు. మూడో లైను ఆఖరి పట్టీ తంబూరు వారిది. ఏటా నాంచారమ్మ అందర్నీ పిలిచాక తన పేరు తనే పిలుచుకుని, తనే బదులు చెప్పుకునేది. ఇప్పుడు క్యాను మీద చెయ్యి వేసుకుని అక్కడ నిలబడి ఉంది. అతన్ని బతిమాలడం లేదు, కోపంగానూ చూడడం లేదు. పాల వేళకు గిన్నె తెచ్చేదాకా గుమ్మం ముందు నిలబడినట్టే నిలబడింది.

“డోలీ వారు,” అన్నాడు దుర్గాప్రసాద్, మీసాల్లో.

“ఏమన్నావు? నా చెవికి చేరలా,” అన్నాడు చలమయ్య.

“డోలీ వారు,” అన్నాడు ఈసారి, పొగాకు బ్యార్నీల దాకా వినపడేట్టు.

రాజేశ్వరి ఉలిక్కిపడింది. “హాజర్” అంది. సగమే వచ్చింది. శిల్ప రెండో సగం అందుకుంది. ఆ తర్వాత తను కూడా పిలవాలని రాజేశ్వరికి గుర్తొచ్చి, కరీమున్ వైపు తిరిగి, కంగారులో “కరీమున్ పిన్నిగారు వారు” అంది.

మైదానం నవ్వింది. కరీమున్ కూడా నవ్వాపుకోలేక, “హాజరేలే అమ్మా, హాజర్” అంది. వేరే మాట కలిపావు, చెల్లదు అని ఎవరో అరిచారు. “చెల్లదంటే రేపు నీళ్ళ ట్యాంకరు మీ ఇంటి ముందు ఆగదు,” అంది కరీమున్. బిస్తీ వారింట్లో ఇప్పుడు తోలుతిత్తి లేదు కానీ ట్రాక్టరు ట్యాంకరు ఉంది. చెల్లింది.

పిలుపు చివరి పట్టీకి చేరింది. నాంచారమ్మ పక్కింటివాళ్ళు ఆమె వైపు తిరిగారు. ఎవరూ ముందుగా అనుకోలేదు కానీ ఆ ఒక్క పేరూ చాలా గొంతులు కలిసి పిలిచాయి.

“తంబూరు వారు.”

పెళ్ళయి వచ్చినప్పట్నుంచీ ఆమెను ఆ పేరుతో మైదానంలో ఇంకొకరు పిలవడం అదే మొదలు. నోరు తెరిచింది. మాట రాలేదు. కర్ర తీసుకుని క్యాను మీద ఒక్క దెబ్బ వేసింది.

“హాజర్,” అన్నాడు చలమయ్య కుర్చీ ఎత్తుకుంటూ. “ఇక పదండి, ఎండెక్కింది.”

ఆ మధ్యాహ్నమే రాజేశ్వరి, శిల్ప ముందుగదిలో కాయలు గంపలకెత్తి మైదానానికి చేరవేశారు. వేడెక్కిన కుప్ప అడుగున కొద్దిగా మెత్తబడ్డాయి, మిగతావి బాగున్నాయి. పరిచాక చూస్తే పట్టీ సగానికి కొంచెం అవతలి దాకా వచ్చాయి. రాజేశ్వరి నడుం నిమురుకుంటూ పక్క పట్టీలో గట్టు సరిచేస్తున్న దుర్గాప్రసాద్‌ను పిలిచింది.

“అన్నా, మాది ఎకరంన్నరే. రెండో కోత వచ్చేదాకా అటు కొస ఖాళీయే. మీరు పోసుకోండి.”

 ఇంకో రెండు రాళ్ళు సర్దాడు.

“మధ్యలో పట్టా అడ్డం వేసుకో. నీ తాలుకాయలొచ్చి నా కాయల్లో కలిస్తే ఊరుకోను,” అన్నాడు.

“నా కాయలో తాలు లేదన్నా.”

“చూద్దాంలే.”

మర్నాడు నాంచారమ్మ పాల క్యానుతో బయలుదేరింది. గొంతు రాలేదు. వస్తుందో రాదో డాక్టరుకే తెలియాలి. పలకరింపుల చోట మూత చప్పుడు చేస్తూ వెళ్ళింది. మొదటి లైను అయింది, రెండో లైను అయింది. దుర్గాప్రసాద్ గుమ్మం దగ్గర లక్ష్మీదుర్గ పాలు పోయించుకుని, “రాత్రి మాడిన పప్పే తిన్నాడు” అని చెప్పి నవ్వింది.

అక్కణ్ణుంచి కాళ్ళు అలవాటుగా కరీమున్ ఇంటి వైపు సాగాయి. నాలుగడుగులు పోయాక ఆమె ఆగింది. వెనక్కి వచ్చింది.

డోలీ వారింటికి తాళం వేసే ఉంది. తల్లీకూతుళ్ళు అప్పటికే వెళ్ళిపోయారు. గడప మీద మూతపెట్టిన స్టీలు గిన్నె, మూత ఎగిరిపోకుండా దాని మీద ఓ గరపరాయి. నాంచారమ్మ రాయి పక్కన పెట్టి, మూత తీసి, గ్లాసు నిండా కొలిచి పోసింది. కొసరు వేసింది. అటుపక్క గుమ్మంలో కరీమున్ చేతిలో ఖాళీ గ్లాసుతో నిలబడి చూస్తోంది.

“ఇక నా టీ ఇంకా ఆలస్యమన్నమాట,” అంది.

నాంచారమ్మ నవ్వి, వస్తున్నానన్నట్టు క్యాను మూత గట్టిగా చప్పుడు చేసింది.